కడుపుకు మూగదెబ్బ: ఫాస్ట్, సీటీ, డీపీఎల్‌లలో ఏది ఎప్పుడు

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు జాతీయ రహదారికి దగ్గరలో ఉన్న ఒక ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేస్తున్నారు. బైకు ప్రమాదాలు, ట్రాక్టరు బోల్తాలు, పశువు కుమ్మడం, మేడ మీంచి పడటం వంటివాటిలో కడుపుకు దెబ్బ తగిలి వచ్చేవారిలో చాలామందికి పైకి చెప్పుకోదగ్గ గాయం ఉండదు. మీ దగ్గర అల్ట్రాసౌండ్ ఉంది, సీటీ స్కాన్ కావాలంటే జిల్లా కేంద్రానికి పంపాలి, డీపీఎల్‌ను (చిన్న కోతతో కడుపులోకి గొట్టం దించి, లోపల రక్తం ఉందేమో లాగి, కడిగి చూసే పరీక్ష) మీరు పుస్తకంలో చదివారే తప్ప చేయగా చూడలేదు. ఈ మూడింటిలో ఏది మేలైనది, ఫాస్ట్ స్కాన్‌లో (కడుపులో రక్తం చేరిందేమో మంచం దగ్గరే అల్ట్రాసౌండ్‌తో త్వరగా చూసే పరీక్ష) ఏమీ లేదని తేలితే రోగిని ఇంటికి పంపవచ్చా అన్నవి మీ రెండు ప్రశ్నలు. రెండో ప్రశ్నకు జవాబు 'పంపకూడదు' అనే. అలా ఎందుకు అంటున్నానో తెలియాలంటే మొదటి ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

ఈ మూడు పరీక్షలను పోటీదారులుగా చూడటం పాఠ్యపుస్తకాల పట్టికల వల్ల వచ్చిన అలవాటు. మంచం దగ్గర నిలబడిన డాక్టరుకు కావలసిన సమాచారం రోగి స్థితిని బట్టి మారుతుంది. బీపీ పడిపోతున్న మనిషి విషయంలో తెలియవలసింది ఒక్కటే: ఈ రక్తం కడుపులోకి పోతోందా, లేక ఛాతీలోకో, కటి ఎముకల చుట్టూనో, తొడలోకో, రోడ్డు మీదికో పోయిందా? బీపీ నిలకడగా ఉన్న మనిషి విషయంలో ఏ అవయవం ఎంత చిట్లిందో, ఆపరేషన్ లేకుండా కాపాడగలమో లేదో తెలియాలి. మొదటిదానికి అల్ట్రాసౌండ్, అది లేకపోతే డీపీఎల్ జవాబు చెబుతాయి. రెండోదానికి సీటీ చెబుతుంది. మొదటి రకం రోగిని సీటీ గదికి పంపడం, రెండో రకం రోగిని ఫాస్ట్ ఒక్కదానితో సరిపెట్టడం, ఈ రంగంలో తరచూ జరిగే రెండు పెద్ద పొరపాట్లు.

'నిలకడ' అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. 70 కిలోల పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడి రక్తనాళాలు బిగుసుకుని బీపీని నిలబెడతాయి కనుక, దాదాపు 30 శాతం, అంటే లీటరున్నర వరకూ పోయేదాకా పై బీపీ మామూలుగానే కనబడవచ్చు. అంతకంటే చాలా ముందే నాడి వేగం పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, పల్స్ ప్రెజర్, అంటే పై బీపీకీ కింది బీపీకీ మధ్య తేడా, తగ్గుతుంది. కాబట్టి 110/90 బీపీ, 118 నాడి ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రాడిని కేసు షీటులో 'స్టేబుల్' అని రాసే ముందు ఇంకొకసారి ఆలోచించండి. బ్లడ్ గ్యాస్ చేసే వీలుంటే ల్యాక్టేట్, బేస్ డెఫిసిట్ చూడండి, ఒంటికి రక్తం చాలడం లేదని ఈ రెండు అంకెలు చెబుతాయి. బేస్ డెఫిసిట్ 6 దాటితే కడుపులో రక్తస్రావం ఉందేమోనన్న అనుమానం పెరగాలి. హిమోగ్లోబిన్ మొదటి గంటలో మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే పోయేది నీళ్లు కలవని రక్తం. సెలైన్లు ఎక్కాకే అంకె దిగుతుంది. బంధువులకు ధైర్యం చెప్పడానికి ఆ మొదటి రిపోర్టును చూపించకండి.

యంత్రాల కంటే ముందు చేతి సంగతి చెప్పాలి. కడుపును చేత్తో పరీక్షించడం వల్ల ఉపయోగం లేదని కొందరు కొత్త డాక్టర్లు అంటుంటే వింటున్నాను. మద్యం మత్తులో ఉన్నవారిలో, తలకు దెబ్బ తగిలినవారిలో, వెన్నుపాము దెబ్బతిన్నవారిలో, తొడ ఎముక విరిగి ఆ నొప్పితోనే అల్లాడుతున్నవారిలో చేతి పరీక్ష మోసం చేస్తుందన్న మాట నిజమే. స్పృహలో ఉన్నవారిలోనూ మొదటి గంటల్లో రక్తం కడుపు లోపలి పొర అయిన పెరిటోనియంను పెద్దగా మండించదు, కడుపు మెత్తగానే ఉండవచ్చు. అయినా బట్టలు పూర్తిగా తీసి చూస్తేనే దొరికే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. సీటు బెల్టు ఆనిన చోట అడ్డంగా కమిలిన గీత ఉంటే పేగు, పేగుపొర గాయాల అవకాశం పెరుగుతుంది. దానికి తోడు నడుము వెన్నుపూస అడ్డంగా విరిగి ఉంటే మరింత పెరుగుతుంది. ఎడమవైపు కింది పక్కటెముకలు విరిగితే ప్లీహాన్ని, కుడివైపు విరిగితే కాలేయాన్ని అనుమానించాలి. భుజానికి ఏ దెబ్బా లేకుండా ఎడమ భుజంలో నొప్పి అంటుంటే ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే కండరపు పొర, అంటే డయాఫ్రమ్ కింద రక్తం చేరిందేమో చూడాలి. బైకు హ్యాండిల్ కొన గుచ్చుకున్న చోట రూపాయి బిళ్లంత గుండ్రని ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఎంత చిన్నదైతే బలం అంత ఇరుకైన చోట పడిందని అర్థం, నాకు ఎక్కువ భయం కలిగించేది అదే.

ఇక ఫాస్ట్. నాలుగు చోట్ల ప్రోబు పెట్టి నల్లటి ద్రవం కోసం వెతికే పరీక్ష ఇది. కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య ఉండే మోరిసన్ పౌచ్, ప్లీహానికీ ఎడమ కిడ్నీకీ మధ్య, కటి భాగంలో మూత్రాశయం వెనుక, రొమ్ము ఎముక కొన కింద నుంచి గుండె చుట్టూ చూస్తాం. ఊపిరితిత్తులను కూడా కలుపుకుంటే ఈ-ఫాస్ట్ అవుతుంది. అలవాటైన చేతికి మూడు నాలుగు నిమిషాల పని, రోగిని కదపనక్కర్లేదు, రేడియేషన్ లేదు, ఎన్నిసార్లయినా చేయవచ్చు. వెల్లకిలా పడుకున్న మనిషిలో కుడివైపు పైభాగంలో రక్తం తొందరగా చేరుతుంది కనుక అక్కడే మొదలుపెట్టండి. కాలేయం అడుగు కొనను చూడకుండా వదలకండి, మొదటి సన్నని గీత చాలాసార్లు ఆ కొన దగ్గరే కనబడుతుంది. ఎడమవైపు మాత్రం ప్లీహానికీ కిడ్నీకీ మధ్య చూసి ఊరుకోకూడదు. అక్కడ రక్తం ముందు ప్లీహం పైన, డయాఫ్రమ్ కింద చేరుతుంది. ప్రోబును ఇంకా వెనక్కి, ఇంకా పైకి, చేతి పిడికిలి పరుపుకు ఆనేంతగా తీసుకెళ్లాలి.

ఈ పరీక్షకు ఎంత ద్రవం కావాలో ముందుగా తెలిసి ఉంటే అనవసరమైన ధీమా రాదు. అనుకూల పరిస్థితుల్లో సుమారు 200 మిల్లీలీటర్ల నుంచి దొరుకుతుందని సాధారణంగా చెబుతారు. అయితే 1995లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, డీపీఎల్ కోసం కడుపులోకి ద్రవం ఎక్కిస్తూ మోరిసన్ పౌచ్‌ను మాత్రమే చూస్తూ పోతే, సగటున 600 మిల్లీలీటర్లు దాటాకే చూస్తున్నవారు గుర్తించగలిగారు. 2018లో వెలువడిన కొక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి విశ్లేషించే సంస్థ) సమీక్ష 34 అధ్యయనాలను, 8,635 మంది రోగులను కలిపి చూసింది. కడుపు గాయాల వరకు తీసుకుంటే అల్ట్రాసౌండ్ సున్నితత్వం 68 శాతం, నిర్దిష్టత 95 శాతం అని తేలింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఉందని చెప్పినప్పుడు దాదాపుగా నమ్మవచ్చు. లేదని చెప్పినప్పుడు మాత్రం, నిజంగా గాయం ఉన్న ప్రతి పదిమందిలో ముగ్గురిని అది వదిలేసి ఉండవచ్చు. మీ రెండో ప్రశ్నకు మొదట్లోనే 'పంపకూడదు' అన్నది ఈ అంకె వల్లే.

ఆ ముగ్గురు ఎలా తప్పిపోతారో కూడా చెబుతాను. ప్లీహం చిట్లినా రక్తం ఇంకా దాని పొర లోపలే ఉంటే బయట ద్రవం ఉండదు. క్లోమం, కిడ్నీలు, పెద్ద రక్తనాళాలు పెరిటోనియం వెనుక ఉంటాయి, అక్కడి రక్తం ఈ నాలుగు కిటికీల్లోకి రాదు. పేగుకు చిల్లు పడితే మొదటి గంటల్లో కారేది చాలా తక్కువ. క్యాథెటర్ వేసి మూత్రాశయం ఖాళీ చేశాక కటి భాగం చూస్తే ద్రవం కనబడే కిటికీయే మూసుకుపోతుంది, కాబట్టి కటి భాగం చూశాకే క్యాథెటర్ వేయండి. గడ్డకట్టిన రక్తం నల్లగా ఉండదు, కాలేయం రంగులోనే బూడిదగా కనబడి కళ్లుగప్పుతుంది. లావుగా ఉన్నవారిలో, చర్మం కింద గాలి చేరినవారిలో బొమ్మే సరిగ్గా రాదు. మరొక సంగతి, ఇది నా అనుభవం నుంచి చెబుతున్నది: 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు వచ్చాక రోగులు మునుపటికంటే చాలా త్వరగా చేరుతున్నారు. అది ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది. కానీ ప్రమాదం జరిగిన అరగంటకే ప్రోబు పెడితే రక్తం ఇంకా పోగుపడి ఉండదు. రోగి తొందరగా వచ్చినకొద్దీ మొదటి ఫాస్ట్‌ను తక్కువ నమ్మాలి, రెండోదాన్ని తప్పక చేయాలి.

ఉన్నదని తప్పుగా చెప్పే సందర్భాలు తక్కువే అయినా ఉన్నాయి. మద్యం వల్ల కాలేయం దెబ్బతిని ముందే కడుపులో నీరు చేరినవారు మన క్యాజువాలిటీలకు కొత్త కాదు. కిడ్నీ చుట్టూ కొవ్వు, జీర్ణాశయంలోని ద్రవం కూడా పొరపడేలా చేస్తాయి. కటి ఎముకలు విరిగి మూత్రాశయం పగిలితే కనబడే ద్రవం మూత్రం కూడా కావచ్చు. అనుమానం ఉన్నచోట సన్నని సూదితో కొంచెం తీసి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. మన దేశంలో ఈ పరీక్ష క్యాజువాలిటీలో పాతుకుపోకపోవడానికి చేతకానితనం ఒక్కటే కారణం కాదు. లింగనిర్ధారణను అరికట్టడానికి తెచ్చిన 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ నమోదు కావాలి, దాన్ని వాడేవారి పేరు కూడా ఆ నమోదులో ఉండాలి, చిన్న పోర్టబుల్ యంత్రాలను ఇష్టం వచ్చినట్టు ఒక చోటు నుంచి మరొక చోటుకు తీసుకెళ్లడానికి వీల్లేదు. చట్టం అవసరం గురించి నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ దాని ఫలితంగా చాలా ఆసుపత్రుల్లో యంత్రం స్కానింగ్ గదిలో తాళం వెనుక ఉంటుంది, రాత్రి పూట తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలియదు. మీ ఆసుపత్రిలో క్యాజువాలిటీ యంత్రానికి, డ్యూటీ డాక్టర్లకు నమోదు చేయించమని సూపరింటెండెంటు గారికి ఇప్పుడే లిఖితపూర్వకంగా రాయండి. పల్స్ దొరకని రోగి ముందు నిలబడి ఆ కాగితం గురించి ఆలోచించే పరిస్థితి రాకూడదు.

తాళం సంగతి నాకు ఊరికే గుర్తు రాలేదు. పీజీ ముగించిన కొత్తలో నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, అర్ధరాత్రి దాటాక ట్రాక్టరు ట్రాలీ కింద పడిన రైతు ఒకాయన వచ్చారు. పై బీపీ 80, రెండు సెలైన్లు వెళితే 100, మళ్లీ 80. తలకూ గట్టి దెబ్బ తగిలింది, మాట లేదు, కడుపు చెబుతుందనుకున్న చేతికి ఏమీ తెలియలేదు. స్కానింగ్ గది తాళం వేసి ఉంది. మా సీనియర్ గారు వేరే మాట మాట్లాడకుండా, మూత్రం గొట్టం, ముక్కు గొట్టం వేయించి, బొడ్డు కింద మత్తుసూది వేసి, రెండు అంగుళాల కోతతో పెరిటోనియం దాకా వెళ్లి క్యాథెటర్ దించారు. సిరంజి వెనక్కి లాగగానే గడ్డకట్టని రక్తం 10 మిల్లీలీటర్లు తేలిగ్గా వచ్చింది. ద్రవం ఎక్కించాల్సిన అవసరమే రాలేదు. పదిహేను నిమిషాల్లో థియేటర్‌లో ఉన్నాం, ప్లీహం రెండు ముక్కలైంది.

అదే డీపీఎల్‌లోని మొదటి మెట్టు. ఈ మధ్య దీన్ని విడిగా డీపీఏ అంటున్నారు. 1965లో రూట్, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రచురించిన తర్వాత సుమారు ఇరవై ఏళ్లు కడుపు మూగదెబ్బలకు ఇదే ప్రమాణం. లాగినప్పుడు రక్తం రాకపోతే పెద్దవారికి గోరువెచ్చని సెలైన్ లేదా రింగర్ లాక్టేట్ ఒక లీటరు, పిల్లలకు కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించి, సీసాను కిందికి దించి తిరిగి రాబట్టాలి. వచ్చిన ద్రవంలో ఘనపు మిల్లీమీటరుకు ఎర్రకణాలు 1,00,000 దాటినా, తెల్లకణాలు 500 దాటినా, పైత్యరసం గాని ఆహారపు పీచు గాని సూక్ష్మజీవులు గాని కనబడినా పాజిటివ్. కటి ఎముకలు విరిగినవారిలో, గర్భిణుల్లో బొడ్డు పైన చేయాలి. లేకపోతే ఒకరిలో ఎముక చుట్టూ చేరిన రక్తపు గడ్డలోకి, మరొకరిలో గర్భాశయంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఎలాగూ కడుపు ఓపెన్ చేయక తప్పదని తెలిసిన రోగికి మాత్రం ఇది చేయనే కూడదు.

ఇంత నమ్మకమైన పరీక్ష మరి ఎందుకు వెనకబడింది? రక్తాన్ని పట్టుకోవడంలో దాని సున్నితత్వం 95 శాతానికి పైనే. చిక్కంతా ఆ అతి సున్నితత్వంలోనే ఉంది. కాలేయం మీద ఒక చిన్న చీలిక పడి, దానంతట అదే రక్తం ఆగిపోయినా ఎర్రకణాల లెక్క లక్ష దాటుతుంది. ఆ అంకె చూసి కడుపు ఓపెన్ చేస్తే లోపల చేయవలసిన పని ఏమీ ఉండదు. ఏ అవయవమో చెప్పదు, పెరిటోనియం వెనుక ఏముందో చెప్పదు, చేసేటప్పుడు పేగుకు గాయం కావచ్చు, ఒకసారి చేశాక మిగిలిన ద్రవం వల్ల, లోపలికి వెళ్లిన గాలి వల్ల తర్వాతి స్కాన్లు తికమకపెడతాయి. కాలేయం, ప్లీహం గాయాల్లో ఎక్కువ భాగాన్ని కోత లేకుండానే నయం చేయవచ్చని తెలిసిన తర్వాత, 'రక్తం ఉంది' అన్న ఒక్క మాట మీద నడిచే పరీక్షకు చోటు తగ్గడం సహజం. అయినా బీపీ నిలవని రోగికి అల్ట్రాసౌండ్ దొరకనప్పుడు, దొరికినా బొమ్మ స్పష్టంగా లేనప్పుడు, కనీసం సిరంజితో లాగి చూడటం ఇప్పటికీ సరైన పనే. చేయగా చూడలేదన్నారు కదా, మీ జిల్లాలో పాత సర్జన్ ఎవరైనా ఉంటే ఒక పగటి పూట వెళ్లి నేర్చుకోండి.

సీటీ విషయానికి వస్తే, నిలకడగా ఉన్న రోగికి దాన్ని మించిన పరీక్ష ఇప్పటికి లేదు. నరం ద్వారా కాంట్రాస్ట్ (బొమ్మలో రక్తనాళాలు, అవయవాలు తేటగా కనబడేలా చేసే మందు) ఇచ్చి తీస్తేనే దానికి విలువ. కాంట్రాస్ట్ లేకుండా తీసిన సీటీలో చిట్లిన ప్లీహం మామూలుగానే కనబడవచ్చు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కోసమో, నోటి కాంట్రాస్ట్ తాగించడం కోసమో అత్యవసర రోగిని ఆపాల్సిన పనిలేదు. కాంట్రాస్ట్ ఎక్కిన 70 సెకన్ల ప్రాంతంలో తీసే సిర దశ బొమ్మల్లో కాలేయం, ప్లీహం చీలికలు చక్కగా తెలుస్తాయి. అంతకుముందు ధమని దశ కూడా తీస్తే ఎక్కడైనా రక్తం చిమ్ముతోందా, ధమని గోడ చిట్లి ఉబ్బిందా అన్నది కనబడుతుంది. బొమ్మ మీద సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలిచి చూడటం నేర్చుకోండి. మూత్రం, పైత్యరసం వంటివి సున్నాకు దగ్గరగా ఉంటాయి, కారిన కొత్త రక్తం 30 నుంచి 45, గడ్డకట్టిన రక్తం 45 నుంచి 70, ఆ క్షణాన చిమ్ముతున్న కాంట్రాస్ట్ రక్తం అంతకంటే చాలా ఎక్కువ. కడుపంతా ద్రవం ఉన్నప్పుడు ఎక్కువ సాంద్రత ఉన్న గడ్డ ఏ అవయవాన్ని అంటుకుని ఉందో చూస్తే రక్తం ఎక్కడి నుంచి వచ్చిందో తరచుగా తెలిసిపోతుంది.

అమెరికన్ ట్రామా సర్జన్ల సంఘం వారి 1 నుంచి 5 వరకు ఉండే గాయాల తీవ్రత శ్రేణులు మీకు తెలిసినవే. 2018 సవరణలో కాలేయం, ప్లీహం, కిడ్నీల శ్రేణుల్లో రక్తనాళ గాయాలను కూడా చేర్చారు, ఎందుకంటే చీలిక లోతు ఒక్కటే రోగి భవిష్యత్తు చెప్పదని తేలింది. ఒక విషయంలో మాత్రం జాగ్రత్త: శ్రేణి చూసి ఆపరేషన్ నిర్ణయించకూడదు. నాలుగో శ్రేణి కాలేయ గాయంతో పది రోజులు మంచం మీదే ఉండి ఇంటికి నడిచి వెళ్లినవారిని చూశాను, రెండో శ్రేణి ప్లీహంతో రెండో రాత్రి కుప్పకూలినవారినీ చూశాను.

సీటీకి మూల్యం కూడా ఉంది. కడుపు, కటి కలిపి తీసే ఒక సీటీతో 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది, ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఇది అనేక పదుల రెట్లు. ప్రమాదం అనగానే తల నుంచి తొడల దాకా మొత్తం సీటీ తీయడం ఇప్పుడు కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఆనవాయితీ అయింది. 2016లో లాన్సెట్‌లో వచ్చిన రియాక్ట్-2 అధ్యయనం 1,083 మంది తీవ్రగాయాల రోగుల్లో ఒళ్లంతా సీటీని, అవసరమైన చోటే తీసే సీటీని పోల్చింది. ఆసుపత్రిలో మరణాలు రెండు వైపులా 16 శాతమే. అందుకని ఒళ్లంతా తీయడం తప్పు అనను, కానీ చేతి పరీక్షకు బదులుగా దాన్ని వాడకూడదని మాత్రం అంటాను. అన్నిటికంటే పెద్ద మూల్యం సమయం, దూరం. సీటీ బల్ల మీద ఉన్న రోగికి రక్తం ఎక్కించడం, గొట్టం వేయడం, కడుపు చూడటం ఏదీ సరిగ్గా కుదరదు. సెలైన్ ఎక్కినంతసేపు బీపీ లేచి, ఆపగానే పడిపోయే మనిషిని నిలకడగా ఉన్నాడని నమ్మి పంపితే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

ఇన్ని చెప్పి కూడా, మూడు పరీక్షలనూ ఒకేలా తికమకపెట్టే గాయం ఒకటుంది. అది పేగుది. ఇరవై రెండేళ్ల కుర్రాడు, బైకు గేదెకు తగిలి పడినప్పుడు హ్యాండిల్ కొన బొడ్డుకు రెండు వేళ్ల పైన గుచ్చుకుంది. రాత్రి పదకొండుకు వచ్చాడు. బీపీ 116/74, నాడి 92, ముద్ర ఉన్నచోట నొక్కితే నొప్పి, మిగతా కడుపు మెత్తన. ఫాస్ట్‌లో ఏమీ లేదు. ఒంటి గంటకు సీటీ అయింది: కాలేయం, ప్లీహం, కిడ్నీలు బాగున్నాయి, పేగు బయట గాలి లేదు, కటిలో కొద్దిగా ద్రవం. రిపోర్టు చివరి వరుసలో 'ఘన అవయవాలకు గాయం లేదు' అని రాసి ఉంది. అతని అన్నగారు ఆ వరుస చూసి, 'ఏమీ లేదంటున్నారు కదా సార్, పొద్దున్నే తీసుకుపోతాం' అన్నారు. నేను చూసింది ఆ పై వరుస. ఘన అవయవం ఏదీ చిట్లకుండా మగవాడి కడుపులో ద్రవం ఉందంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోగలగాలి. చెప్పుకోలేకపోతే పేగునో, పేగుపొరనో అనుమానించి తీరాలి. పేగుకు చిల్లు పడిన ప్రతి ఒక్కరిలోనూ మొదటి సీటీలో బయట గాలి కనబడాలని లేదు.

నోటికి ఏమీ ఇవ్వకుండా, రెండు గంటలకొకసారి కడుపు చూడమని చెప్పి, నేనూ అక్కడే ఉండిపోయాను. మూడింటికి నాడి 96. అయిదింటికి 104, నొప్పి ముద్ర దాటి పక్కలకు పాకింది. ఆరున్నరకు 112, చెయ్యి ఆనించేసరికి కడుపు దానంతట అదే బిగుసుకుంది, దగ్గమంటే దగ్గలేకపోయాడు. ఆ సమయానికి మళ్లీ స్కాన్ తీయాలని నాకు అనిపించలేదు. కడుపు ఓపెన్ చేస్తే చిన్నపేగు మొదలైన చోటి నుంచి జానెడు దూరంలో, బఠాణీ గింజంత చిల్లు. దాన్ని కుట్టి, కడుపు కడిగి మూసేశాం. అతను ఎనిమిదో రోజు ఇంటికి వెళ్లాడు. ఇదే కుర్రాడు ఆ రాత్రి ఒంటి గంటకే ఇంటికి వెళ్లి ఉంటే, రెండు రోజుల తర్వాత కడుపంతా చీముతో వచ్చేవాడు. ఆ రాత్రి రోగాన్ని పట్టుకున్నది నాడి చార్టు, ఒకే మనిషి చెయ్యి. ఒకే మనిషి అని ఊరికే అనలేదు. డ్యూటీ మారినప్పుడు కొత్త డాక్టరుకు ముందటి కడుపు ఎలా ఉండేదో తెలియదు, అందుకే డ్యూటీ అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి మంచం దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూడాలి.

క్లోమం కూడా ఇలాంటిదే. మొదటి రోజు సీటీలో మామూలుగా ఉండి, ఒకటి రెండు రోజులకు చీలిక బయటపడవచ్చు. క్లోమం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎమైలేజ్ మొదటి పరీక్షలో మామూలుగా ఉన్నంత మాత్రాన గాయం లేదని చెప్పలేం. డయాఫ్రమ్ చీలిక ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రేలో ముక్కు గొట్టం కొన ఊపిరితిత్తి స్థానంలో కనబడితే సందేహం అక్కర్లేదు. అంత స్పష్టంగా లేనప్పుడు, రోగి నిలకడగా ఉంటే ల్యాపరోస్కోపీతో చూడవచ్చు. మామూలు ఎక్స్‌రేకు మూగదెబ్బల్లో ఇంతకు మించిన పాత్ర పెద్దగా లేదు.

పిల్లల విషయంలో లెక్క కొంచెం మారుతుంది. వారిలో కాలేయం, ప్లీహం గాయాలు చాలా ఎక్కువ శాతం ఆపరేషన్ లేకుండానే మానతాయి, రేడియేషన్ హాని పెద్దవారికంటే ఎక్కువ, ఫాస్ట్ సున్నితత్వం ఇంకా తక్కువ. పైన చెప్పిన కొక్రేన్ సమీక్షలో అది 63 శాతం. 2017లో 925 మంది నిలకడగా ఉన్న పిల్లల మీద జరిగిన యాదృచ్ఛిక పరీక్షలో, ఫాస్ట్ చేసినందువల్ల సీటీలు తగ్గలేదు, వదిలేసిన గాయాలూ తగ్గలేదు. అంతకంటే ఉపయోగపడేది 2013లో 12,044 మంది అమెరికన్ పిల్లలను చూసి రూపొందించిన నియమం. కడుపు గోడ మీద దెబ్బ ఆనవాలు లేదా సీటు బెల్టు గీత, స్పృహ స్కోరు 14 కంటే తగ్గడం, కడుపు నొక్కితే నొప్పి, కడుపునొప్పి ఉందని చెప్పడం, ఛాతీ గోడకు దెబ్బ, ఊపిరి శబ్దం తగ్గడం, వాంతులు, ఈ ఏడింటిలో ఒక్కటి కూడా లేని పిల్లల్లో వైద్యం అవసరమయ్యే గాయం ఉండే అవకాశం వెయ్యికి ఒకటి మాత్రమే. వారికి సీటీ అక్కర్లేదు. ఉన్నంత మాత్రాన తీయాలని కాదు, అప్పుడు ఆలోచించి నిర్ణయించాలని.

గర్భిణి వస్తే ముందు ఎడమవైపుకు కాస్త వాల్చి పడుకోబెట్టి ఫాస్ట్ చేయండి, అదే సమయంలో బిడ్డ గుండె కూడా చూడండి. తల్లి ప్రాణానికి అవసరమైతే సీటీ ఆపకూడదు. ఒక్క కడుపు సీటీతో బిడ్డకు చేరే మోతాదు సాధారణంగా 50 మిల్లీగ్రేలకు లోపే ఉంటుంది. రక్తం గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ మరవకండి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఏ స్త్రీకైనా గర్భ పరీక్ష చేయకుండా సీటీకి పంపవద్దు.

ఇక మీ ఆసుపత్రిలో ఏం చేయాలి? రోగి బీపీ నిలవకపోతే వెంటనే ఫాస్ట్ చేయండి. ద్రవం ఉంటే, మీ దగ్గర సర్జన్, మత్తు డాక్టరు, రక్తం మూడూ ఉన్నప్పుడు అక్కడే కడుపు ఓపెన్ చేయాలి. ఆ మూడింటిలో ఏది లేకపోయినా, సీటీ కోసం ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆపరేషన్ చేయగల చోటుకు నేరుగా పంపాలి. ఫాస్ట్‌లో ఏమీ లేక బీపీ పడుతూనే ఉంటే కటి ఎముకలను, ఛాతీని, తొడలను వెతకండి, కటికి బైండర్ (బిగించే పట్టీ) లేదా దుప్పటి బిగించండి, పది నిమిషాల తర్వాత ఫాస్ట్ మళ్లీ చేయండి. రోగి నిలకడగా ఉండి నొప్పి, పైన చెప్పిన ఆనవాళ్లు, మూత్రంలో రక్తం, మత్తు, తలదెబ్బ వంటివి ఏవైనా ఉంటే, ఫాస్ట్ ఏం చెప్పినా కాంట్రాస్ట్ సీటీకి పంపండి, వెంట ఒక డాక్టరునో అనుభవం ఉన్న నర్సునో పంపండి. మంచి సీటీ పూర్తిగా శుభ్రంగా ఉండి, రోగి స్పృహలో ఉండి, నొప్పి లేకపోతే ఇంటికి పంపవచ్చు. సీటీ లేకుండా ఫాస్ట్ ఒక్కటే ఉన్నచోట, ఏ ఆనవాలూ లేని రోగినైనా సరే ఉంచుకుని, ఆరు గంటల తర్వాత ఫాస్ట్ మళ్లీ చేసి, 24 గంటలు చూడటం నా పద్ధతి.

బంధువులు ఒప్పుకోక తీసుకెళ్తామంటే కాగితం మీద సంతకంతో ఊరుకోకండి. కడుపునొప్పి పెరగడం, వాంతులు, కళ్లు తిరగడం, జ్వరం, భుజం నొప్పి, ఈ అయిదింటినీ తెలుగులో ఒక చీటీ మీద రాసి, ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే వెనక్కి రమ్మని ఇంట్లో చదువు వచ్చినవారి చేతికి ఇవ్వండి. ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసుల) రిజిస్టరులో, కేసు షీటులో ప్రతి పరీక్ష పక్కనా గంట, నిమిషం వేయండి. 'ఫాస్ట్ నెగెటివ్' అని రాస్తే తర్వాత చదివే సర్జన్‌కు ఏమీ తెలియదు. '11.20కి, దెబ్బ తగిలిన నలభై నిమిషాలకు, మూత్రాశయం నిండుగా ఉండగా, ఎడమవైపు బొమ్మ స్పష్టంగా లేదు' అని రాస్తే ఎడమవైపు తాను మళ్లీ చూడాలని ఆయనకు అర్థమవుతుంది.